రాజమండ్రి మున్సిపాలిటీ నుంచి కర్నూలు గుడారాల దాకా
టంగుటూరి ప్రకాశం పంతులుగారి పదవీ జీవితం

ఆంధ్రకేసరి అనగానే మనలో చాలామందికి ఒకే దృశ్యం గుర్తుకొస్తుంది. మద్రాసు వీధిలో పోలీసు తుపాకుల ఎదుట చొక్కా విప్పి రొమ్ము చూపిన మనిషి. పాఠ్యపుస్తకాల్లో, బడి గోడల మీది పటాల్లో, స్వాతంత్ర్య దినోత్సవ ఉపన్యాసాల్లో మనకు పరిచయమైన ప్రకాశం పంతులుగారు ఆయనే. ఆ సంఘటన జరిగినది కొద్ది నిమిషాలే. దానికి ముందు పాతికేళ్లు, తరువాత ముప్పై ఏళ్లు ఆయన ప్రజల మధ్యనే ఉన్నారు. మున్సిపాలిటీ కుర్చీలో కూర్చున్నారు, మంత్రిగా చేశారు, రెండు రాష్ట్రాలకు ప్రభుత్వాధినేత అయ్యారు. ఈ పదవుల కథ మనం అంతగా చెప్పుకోము. మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికలో దాన్ని చెప్పుకోవడానికి తగిన కారణం ఉంది. అది చదువుతూ ఉంటే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క. పంతులుగారు 1872 ఆగస్టు 23న పుట్టి, 1957 మే 20న కన్నుమూశారు. దాదాపు 85 ఏళ్ల జీవితం. అందులో మంత్రిగా, ముఖ్యమంత్రిగా ఉన్న కాలం మూడు విడతలు. 1937 జూలై నుంచి 1939 అక్టోబరు దాకా ఒకటి. 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి 23 దాకా ఇంకొకటి. 1953 అక్టోబరు 1 నుంచి 1954 నవంబరు నడిమి దాకా మూడోది. మూడూ కలిపితే సుమారు నాలుగేళ్ల నాలుగు నెలలు. ఒక శాసనసభ నిండు గడువు కూడా కాదు. అంత కొద్ది కాలంలో ఆయన మొదలుపెట్టిన పనులు ఏమిటి, అవి ఎవరి చేతుల మీదుగా పూర్తయ్యాయి అన్నదే ఈ వ్యాసం విషయం.

మూడు రూపాయల ఫీజు, ఒక మాస్టారు

ఒంగోలుకు దగ్గరలోని వినోదరాయునిపాలెం ఆయన పుట్టిన ఊరు. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. పిల్లలను పెంచడానికి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపారు. ఆ రోజుల్లో ఆ వృత్తికి సంఘంలో ఏపాటి గౌరవం ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. వచ్చినవాళ్లకు వండి వడ్డించి, మిగిలిన దానితో ఇల్లు గడపాలి. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు కావలసివచ్చినప్పుడు కుర్రవాడు బంధువుల ఊళ్లకు కాలినడకన తిరిగినా పుట్టలేదు. చివరకు తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ ఫీజు కట్టారు.

ఈ కుర్రవాడి జీవితంలోకి వచ్చిన మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఒంగోలు మిషన్ బడిలో లెక్కలు చెప్పేవారు. నాటకాలంటే ప్రాణం. ఆయనకు రాజమండ్రి వెళ్లవలసి వచ్చినప్పుడు ప్రకాశాన్ని వెంట తీసుకుపోయారు. తన ఇంట్లో పెట్టుకుని చదివించారు. రాజమండ్రిలో నాయుడుగారి నాటక సమాజానికి చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారు నాటకాలు రాసి ఇచ్చేవారు. ప్రకాశం వాటిలో వేషాలు కట్టేవాడు, ఆడవేషాలతో సహా. చదువు మీద కన్ను ఉన్నా కాలు వీధుల్లో నిలిచేది. జట్టు కట్టడం, తగాదాలకు దిగడం అన్నీ ఉండేవి. ఇలాంటి పిల్లవాణ్ణి చూసి ఇక లాభం లేదని చేతులు దులుపుకునే మాస్టార్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాయుడుగారు దులుపుకోలేదు. ప్లీడరు పరీక్ష చదవాలని పిల్లవాడు ఆశపడితే మద్రాసు పంపడానికి డబ్బు సమకూర్చారు.

ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా తిరిగివచ్చి, కొంతకాలం ఒంగోలులో, తరువాత రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టారు. గోదావరి జిల్లాలో జమీందారీ, భూమి తగాదాలు కోకొల్లలు. ధాటిగా మాట్లాడే యువ వకీలుకు త్వరగానే పేరూ డబ్బూ వచ్చాయి.

మున్సిపాలిటీ అనే మొదటి పాఠం

స్థానిక ప్రభుత్వం అంటే ఆ కాలంలో ఏమిటో కాస్త చెప్పుకోవాలి. 1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన మీద ఒక తీర్మానం చేశారు. దాన్ని అనుసరించి మద్రాసు ప్రెసిడెన్సీలో 1884లో జిల్లా మున్సిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. కౌన్సిలర్లలో కొందరిని పన్ను కట్టేవాళ్లు ఎన్నుకునేవారు, కొందరిని ప్రభుత్వం నియమించేది. ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉండి పన్ను కట్టే మగవాళ్ల చేతుల్లోనే అది ఉండేది. జిల్లాలో కలెక్టరే సర్వాధికారి. అయినా భారతీయులు ఓట్లు అడిగి, గెలిచి, లెక్క చెప్పవలసిన మొదటి చోటు అదే. వీధి దీపాలు, మురుగు కాలవలు, మంచినీళ్లు, టీకాలు, ప్రాథమిక పాఠశాలలు, సంతలు ఈ కౌన్సిళ్ల పనులు. మన జాతీయ నాయకుల్లో చాలామంది స్వరాజ్యం గురించి మాట్లాడకముందు మురుగు కాలవల గురించి వాదించినవాళ్లే.

రాజమండ్రి మున్సిపల్ రాజకీయాల్లోకి ప్రకాశం దిగడానికి ఆయనకు కుటుంబ బలం లేదు, జమీ లేదు. ఊరి పెద్దల పక్షాలు బలంగా ఉన్న చోట పూటకూళ్ల ఇంటి పిల్లవాడు గెలవడం అప్పటికి చిన్న విషయం కాదు. 1904 ప్రాంతంలో, ముప్పై ఏళ్లు దాటిన కొత్తలో, ఆయన మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. ఊరి పెద్దలతో ఢీకొనడం, కౌన్సిలులో ఓట్లు కూడగట్టడం, గెలిచిన మర్నాడే కొత్త శత్రువులను చూడడం అన్నీ ఆయన అక్కడే నేర్చుకున్నారు. యాభై ఏళ్ల తరువాత కర్నూలులో ఎదురైన రాజకీయం ఆయనకు కొత్తదేమీ కాదు. కౌన్సిల్ హాలు పెద్దదైంది, అంతే.

ఆ కుర్చీలో ఆయన ఎక్కువకాలం కూర్చోలేదు. సెకండ్ గ్రేడ్ ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. బారిస్టరైతే ఆ అడ్డు ఉండదు. ఒక బారిస్టరు ఇచ్చిన సలహా పట్టుకుని ఆయన లండన్ ప్రయాణమయ్యారు. అక్కడ చదువుతూనే, దాదాభాయి నౌరోజీ బ్రిటిష్ పార్లమెంటుకు పోటీచేసినప్పుడు ఆయన కోసం పనిచేశారు. 1907లో బారిస్టరుగా తిరిగివచ్చి ఈసారి మద్రాసులో స్థిరపడ్డారు. పద్నాలుగేళ్ల పాటు హైకోర్టులో పేరుమోసిన న్యాయవాదుల్లో ఒకరుగా ఉన్నారు. న్యాయశాస్త్ర పత్రిక ఒకటి నడిపారు. ఆ రోజుల లెక్కలో లక్షలు గడించారు.

గడించింది ఎక్కడికి పోయింది

1921లో సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చింది. పంతులుగారు ప్రాక్టీసు వదిలేశారు. అదే ఏడాది అక్టోబరు 29న మద్రాసులో స్వరాజ్య పత్రిక ప్రారంభించారు. ఇంగ్లీషులోనే కాక తెలుగు, తమిళ భాషల్లోనూ అది వెలువడింది. ఖాసా సుబ్బారావు, కోలవెన్ను రామకోటేశ్వరరావు వంటివారు అక్కడ పనిచేశారు. ప్రభుత్వ వ్యతిరేక పత్రికకు ప్రకటనలు అంతంతమాత్రం. అప్పులు పెరిగాయి. సంపాదించిన ఆస్తి అంతా ఆ పత్రిక మింగింది. పదిహేనేళ్లు తిరక్కుండానే అది మూతపడింది. ఒకప్పుడు మద్రాసులో సొంత ఇళ్లున్న బారిస్టరు చివరకు మిత్రుల, అభిమానుల సహాయం మీద ఆధారపడే స్థితికి వచ్చారు. ఈ విషయం తరువాత ఆయన రాజకీయ జీవితాన్ని ఎలా దెబ్బతీసిందో ముందు ముందు చూస్తాం.

1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజున మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పార్థసారథి అనే యువకుడు చనిపోయాడు. అతని మృతదేహాన్ని చూసి తీరాలని పంతులుగారు బయలుదేరినప్పుడు పోలీసులు అడ్డుపడి తుపాకి చూపించారు. ఆయన చొక్కా విప్పి నిలబడ్డారు. అప్పటికి ఆయన వయసు 55. ఆంధ్రకేసరి అనే పేరు ఆయనకు స్థిరపడింది ఆనాటి నుంచే. 1930లో కేంద్ర శాసనసభ్యత్వం వదిలి ఉప్పు సత్యాగ్రహంలో దిగారు. జైలుకు వెళ్లారు.

జమీందారీ మీద విచారణ

1937 ఎన్నికల్లో కాంగ్రెసు గెలిచింది. రాజాజీ మద్రాసు ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. పంతులుగారు రెవెన్యూ మంత్రి. వయసు 65కు చేరువ.

ఆ శాఖ చేతికి రావడం పెద్ద విషయం. మద్రాసు ప్రెసిడెన్సీ భూమిలో మూడో వంతు దాకా జమీందారీల కింద ఉండేది. 1802 నాటి శాశ్వత పరిష్కారం ప్రకారం జమీందారు ప్రభుత్వానికి కట్టే పేష్కష్ ఎన్నటికీ మారదు. రైతు జమీందారుకు కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. 1908లో ఎస్టేట్ల భూమి చట్టం వచ్చి రైతుకు కొంత రక్షణ కల్పించినా, శిస్తు బరువు తగ్గలేదు. అడవి, చెరువు, పోరంబోకు అన్నీ ఎస్టేటువే అన్న పట్టు సడలలేదు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేసినది ఈ బాధతోనే.

పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. రైతుల వాంగ్మూలాలు తీసుకున్నారు, జమీందార్ల వాదనలు విన్నారు, పాత రికార్డులు తిరగేశారు. గోదావరి జిల్లాలో ఎస్టేటు తగాదాలు వాదించిన ప్లీడరు అనుభవం ఇక్కడ పనికొచ్చింది. 1938లో నివేదిక వచ్చింది. దాని సారాంశం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసి ఇచ్చేవాడు మాత్రమే. శిస్తు 1802 పరిష్కారానికి ముందటి స్థాయికి తగ్గాలి. అంతటి మాట ప్రభుత్వ ముద్రతో రావడం అదే మొదలు. జమీందార్లు మండిపడ్డారు. మంత్రివర్గంలోనే అంత దూరం పోవడానికి జంకినవాళ్లు ఉన్నారు. 1939 మొదట్లో శాసనసభ నివేదికను ఆమోదించింది. చట్టం చేసేలోపే రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. నివేదిక బీరువాలోకి పోయింది.

పదేళ్ల తరువాత 1948లో జమీందారీల రద్దు చట్టం మద్రాసు శాసనసభలో నెగ్గింది. అప్పుడు ప్రభుత్వం పంతులుగారిది కాదు. ఆయన్ను దించి వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియారు మంత్రివర్గం ఆ చట్టం చేసింది. దారి వేసినది మాత్రం 1938 నివేదికే.

పదకొండు నెలల ప్రధాని

1940లో వ్యక్తి సత్యాగ్రహం, 1942లో క్విట్ ఇండియా. మళ్లీ జైలు. 1945లో బయటికి వచ్చేసరికి ఆయనకు 73వ ఏడు నడుస్తోంది. 1946 ఎన్నికల తరువాత మద్రాసు నాయకత్వం ఎవరిదన్న ప్రశ్న లేచింది. గాంధీజీ మొగ్గు రాజాజీ వైపు. తమిళ కాంగ్రెసులో కామరాజు వర్గానికి రాజాజీ గిట్టదు. ఈ పట్టింపుల మధ్య శాసనసభా పక్షం ప్రకాశాన్ని ఎన్నుకుంది. 1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు ప్రధాని అయ్యారు.

ఈ పదవీకాలంలోనే ఆయన మనసులోని ప్రభుత్వం ఏమిటో బయటపడింది. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పరిధిలో ఉండే కొన్ని గ్రామాల సమూహాన్ని ఫిర్కా అంటారు. కొన్ని ఫిర్కాలను ఎంచుకుని, అక్కడ మంచినీళ్లు, రోడ్లు, పారిశుధ్యం, వ్యవసాయం, ఖద్దరు, కుటీర పరిశ్రమలు అన్నీ ఒకేచోట కలిపి చేయించాలన్నది ఆయన ఫిర్కా అభివృద్ధి పథకం. ఏ శాఖకు ఆ శాఖ విడివిడిగా ఊరికి వచ్చి పోయే పద్ధతికి బదులు, ఊరినే ఒక ప్రమాణంగా తీసుకుని పనిచేయడం ఇందులో కొత్తదనం. రాజమండ్రిలో మురుగు కాలవలతో, దీపాలతో మొదలైన మనిషి ఆలోచన ఇది. 1952 అక్టోబరు 2న దేశమంతా మొదలైన సమాజ వికాస పథకానికి ముందు నడిచిన ప్రయోగాల్లో ఈ ఫిర్కా పథకం ఒకటి. మన ఊళ్లకు బ్లాకులు, బీడీఓలు వచ్చినది ఆ సమాజ వికాస పథకంతోనే.

అదే గ్రామాభిమానం ఆయన్ను చిక్కుల్లోనూ పెట్టింది. కొత్త బట్టల మిల్లులకు కేంద్రం అనుమతి ఇస్తానంటే ఆయన వద్దన్నారు. చేనేత, ఖద్దరు దెబ్బతింటాయన్నారు. యుద్ధకాలం నుంచి బట్టకు కరువు. కొనబోతే దొరకని రోజులు. ఆ నిర్ణయాన్ని సొంత పార్టీవాళ్లే తప్పుపట్టారు. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం తెచ్చిన ప్రజాభద్రత ఆర్డినెన్సు కింద కమ్యూనిస్టులను విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. తానే విచారణల, నిర్బంధాల బాధ పడ్డ మనిషి చేయవలసిన పని అదేనా అన్న ప్రశ్న ఆనాడూ వచ్చింది, ఈనాడూ నిలిచే ఉంది.

ఇంకొక గాయం డబ్బు గురించినది. సభల్లో ప్రజలు ఇచ్చిన నిధుల సంచులను ఆయన సొంత ఖర్చుకు వాడుకున్నారన్న అభ్యంతరం ఎవరి దగ్గరి నుంచో కాదు, గాంధీజీ దగ్గరి నుంచే వచ్చింది. ఉన్నదంతా ఉద్యమానికి పెట్టాను, నా బతుకు నడవడానికి ప్రజలు ఇచ్చినది తీసుకున్నాను అన్నది పంతులుగారి సమాధానం. దాచలేదు, బుకాయించలేదు. అయినా ప్రజాధనానికీ నాయకుడి కడుపుకూ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్నది ఆయన ఒక్కరి సమస్య కాదు. ఆస్తి పోగొట్టుకుని ప్రజాజీవితంలోకి వచ్చినవాడు దేనితో బతకాలి? ఆస్తి ఉన్నవాళ్లకే పదవులు దక్కాలా? మున్సిపల్ ఓటు పన్ను కట్టేవాళ్లకే ఉన్న రోజుల్లో మొదలైన ఈ ప్రశ్నకు మనం ఇప్పటికీ సరైన జవాబు వెతకలేదు.

ఆంధ్ర నాయకుల్లోనే ఆయనకు వ్యతిరేక వర్గం గట్టిది. 1947 మార్చి 23తో ఆ మంత్రివర్గం ముగిసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15 నాటికి ఆయన పదవిలో లేరు.

రాష్ట్రం కోసం, రాష్ట్రంతో

ప్రత్యేకాంధ్ర విషయంలో పంతులుగారి పాత్రను కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. 1949లో విభజన సంఘం కూర్చున్నప్పుడు ఆయన అందులో సభ్యులు. మద్రాసు నగరం విషయంలో మిగిలినవారితో ఏకీభవించక విడిగా అసమ్మతి పత్రం రాశారు. ఏకాభిప్రాయం లేదన్న కారణంతో కేంద్రం విషయాన్ని పక్కన పెట్టింది. ఆ పట్టుదల లేకపోతే రాష్ట్రం ముందే వచ్చేదని అన్నవాళ్లున్నారు. మద్రాసును అంత తేలికగా వదులుకోకూడదన్న పంతులుగారి బాధను అర్థం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. తన సంపాదన, పత్రిక, ఉద్యమం అన్నీ ఆ నగరంలోనే గడిచిన మనిషి ఆయన.

1951లో కాంగ్రెసు వదిలారు. ప్రజాపార్టీ, తరువాత కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ. 1952 ఎన్నికల్లో మద్రాసు హార్బరు నియోజకవర్గంలో ఆయనే ఓడిపోయారు. అయినా కాంగ్రెసుకు మెజారిటీ రాకపోవడంతో కాంగ్రెసేతర పక్షాలన్నీ ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా కలిసి ఆయన్నే నాయకుడిగా ఎన్నుకున్నాయి. గవర్నరు శ్రీప్రకాశ రాజాజీని పిలిచారు. అదే ఏడాది డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచారు. ఆ త్యాగం తరువాత రాష్ట్రం ఇక ఆగలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. 11 జిల్లాలు, బళ్లారి జిల్లా నుంచి వచ్చిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కలిపి ఆ రాష్ట్రం. సి.ఎం. త్రివేది గవర్నరు. కాంగ్రెసు మద్దతుతో 81 ఏళ్ల ప్రకాశం ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని రాయలసీమకు దక్కింది. హైకోర్టు 1954లో గుంటూరులో వెలిసింది.

కర్నూలులో రాజధానికి తగిన భవనాలు లేవు. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగులు గుడారాల్లో కాపురం ఉన్నారు. ఎండ, గాలిదుమారం, వాన అన్నీ ఫైళ్ల మీదే. మద్రాసు సచివాలయం రాజసానికి అలవాటుపడ్డ ఉద్యోగులకు అది పెద్ద పరీక్ష. ఖజానా అంతంతమాత్రం. ఉమ్మడి ఆస్తుల పంపకం తగాదాలు ఒకవైపు, మంత్రివర్గంలో వర్గాలు ఒకవైపు.

ఆ పదమూడు నెలల్లోనే రెండు శాశ్వతమైన పనులు మొదలయ్యాయి. ఒకటి 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. అప్పటిదాకా వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం తప్ప ఆ రాష్ట్రంలో మరో విశ్వవిద్యాలయం లేదు. రాయలసీమ పిల్లలకు పైచదువు దగ్గరకు వచ్చింది. రెండోది బెజవాడ దగ్గర కృష్ణానది మీద కొత్త బ్యారేజీ. 1850లలో కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండిపడింది. దాని మీద ఆధారపడ్డ డెల్టా పొలాలన్నీ ప్రమాదంలో పడ్డాయి. కొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది.

ప్రభుత్వం మాత్రం నిలవలేదు. 1948 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతా అమలైన మద్యనిషేధం కొత్త రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. దొంగసారా పెరిగింది. ఆదాయం పోయింది. కల్లుగీత మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. ప్రభుత్వం వేసిన రామమూర్తి సంఘం నిషేధం ఎత్తివేయమని సిఫారసు చేసింది. దాని మీద ప్రభుత్వం ఎటూ తేల్చకపోవడంతో ప్రతిపక్షం అవిశ్వాసం తెచ్చింది. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. పంతులుగారు మళ్లీ పదవి చూడలేదు.

ముగించినవారు వేరే

1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తరువాత పంతులుగారు జీవించినది ఏడు నెలలు కూడా లేదు. 1957 ఎండాకాలంలో, 84 ఏళ్ల వయసులో, ఒంగోలు ప్రాంతంలో ఒక హరిజనవాడకు వెళ్లివచ్చి వడదెబ్బకు గురయ్యారు. హైదరాబాదులో మే 20న కన్నుమూశారు. చేతిలో చిల్లిగవ్వ లేదు. పిలిస్తే ఆ వయసులో, ఆ ఎండలో కూడా బయలుదేరడం మాత్రం మానలేదు.

కృష్ణా బ్యారేజీ ఆ ఏడాది చివర్లో పూర్తయింది. దానికి ప్రకాశం బ్యారేజీ అని పేరు పెట్టారు. ఆ గేట్లు ఎత్తడం ఆయన చూడలేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం జిల్లా అన్న పేరు వచ్చింది.

ఇప్పుడు మొదట్లో వేసుకున్న లెక్కకు ఇంకో వరుస చేర్చుకోవచ్చు. జమీందారీ నివేదిక ఆయనది, చట్టం చేసినది మరొకరు. ఫిర్కా పథకం ఆయనది, దేశమంతా పాకినది సమాజ వికాసం పేరుతో. బ్యారేజీ పని మొదలైనది ఆయన హయాంలో, నీళ్లు వదిలినది ఆయన పోయిన తరువాత. ఆయన కుర్చీ ఎప్పుడూ నిలకడగా ఉండలేదు. అందుకు ఆయన మొండితనం కొంత, పక్షాల కుతంత్రం కొంత, పార్టీలు మారిన చంచలత్వం కొంత కారణాలు. నిలకడైన కుర్చీ దొరికిన ఎందరో ముఖ్యమంత్రులు ఇన్ని మొదళ్లు వేయలేదన్నది కూడా అంతే నిజం.

మన పాఠశాల యాభై ఏళ్ల పండుగలో ఈ కథ ఎందుకు అంటే, మాస్టారి పని కూడా ఇలాంటిదే కనుక. హనుమంతరావు నాయుడుగారు ఒక అల్లరి పిల్లవాణ్ణి తన ఇంట్లో పెట్టుకుని చదివించినప్పుడు, అది రాజమండ్రి మున్సిపాలిటీకో మద్రాసు రెవెన్యూ శాఖకో కర్నూలు గుడారాలకో చేరుతుందని ఆయనకు తెలియదు. బడిలో మొదలుపెట్టినదాని ముగింపు మాస్టార్లకు సాధారణంగా కనిపించదు. ఈ యాభై ఏళ్లలో మనకు చదువు చెప్పి వెళ్లిపోయినవారిలో చాలామందికి మనం ఏమయ్యామో తెలియదు. తెలుసుకోవాలని అడిగినవారూ తక్కువే.

పూర్వ విద్యార్థులుగా మనకు మిగిలిన పని చిన్నదేమీ కాదు. మనలో ఎందరో రేపు వార్డు సభ్యులు కావచ్చు, సర్పంచులు కావచ్చు, మున్సిపల్ కౌన్సిలర్లు కావచ్చు. ఎన్నికలకు నిలబడకపోయినా, బడి కమిటీలో కూర్చోవచ్చు, ఊరి చెరువు గురించి మాట్లాడవచ్చు, గ్రామసభకు వెళ్లవచ్చు. ఆ సభలో ఎప్పుడైనా ఒక పని మొదలుపెట్టి, అది మన పేరున పూర్తికాదని తెలిసినా మానకుండా ఉంటే, పంతులుగారిని మనం సరిగ్గా చదువుకున్నట్టే. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలు మన బడిలో ఇప్పటికీ ఉన్నారేమో అడిగి చూడండి. మొదలు అక్కడ పెట్టవచ్చు.